మోక్షమైనా నిర్వాణమైనా, పొందేది ఎవరు?

వేకువజాము
మా వీధి రామాలయంలో ఇటీవల జరిగిన ఉపన్యాసంలో వక్త గారు, వేదాంతుల మోక్షమూ బౌద్ధుల నిర్వాణమూ ఒకటేనని, పేర్లే వేరని ఒక్క మాటలో తేల్చేసి ముందుకు సాగిపోయారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఒకరు ఆత్మ ఒక్కటే సత్యమంటారు. మరొకరు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాలలో ఏదీ నీవు కావంటారు, పోనీ వాటికి ఆవల నీవున్నావని కూడా చెప్పరు. దారులు ఇంత వేరుగా ఉంటే గమ్యం ఒకటే ఎలా అవుతుంది? అంతకంటే నన్ను వేధిస్తున్న సందేహం ఇంకొకటి ఉంది. అద్వైతంలో జీవభావం పోతుంది, బౌద్ధంలో అహంభావం పోతుంది. రెండింటిలోనూ "నేను" పోయేటట్లయితే, ఇంత సాధన చేసి ఆ ఫలాన్ని అనుభవించేది ఎవరు? ఇది నాకు పుస్తకాల ప్రశ్న మాత్రమే కాదు. నాన్నగారు కాలం చేసిన తరువాత మా అమ్మ, "ముక్తి పొందినవారికి మనం గుర్తుంటామా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

సారస్వతం
వక్త గారు చెప్పినదానిలో దోషం లేదని నా అభిప్రాయం. భగవద్గీత రెండవ అధ్యాయం ముగిసేదే బ్రహ్మనిర్వాణంతో. రాగద్వేషాలు నశించడం, చావుపుట్టుకల చక్రం ఆగిపోవడం రెండు చోట్లా సమానమే. మిగిలినదంతా పండితుల వాదోపవాదం.

కొండవీటిచదువరి
సారస్వతం గారూ, పండితుల వాదమని పక్కన పెట్టేస్తే ఆ పండితులు దేనికోసం అంత శ్రమపడ్డారో అర్థం కాకుండా పోతుంది. శంకరులు తమ బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయం రెండవ పాదంలో, 18వ సూత్రం నుంచి 32వ సూత్రం వరకు బౌద్ధ సిద్ధాంతాలను వరుసగా ఖండించారు. బాహ్యవస్తువులు ఉన్నాయనే వారిని, విజ్ఞానం ఒక్కటే ఉన్నదనే వారిని విస్తారంగా ఎదుర్కొని, శూన్యవాదం దగ్గరికి వచ్చేసరికి అది సర్వప్రమాణాలకూ విరుద్ధం కనుక ఖండించే ఆదరం కూడా దానికి చూపనక్కరలేదని ఒక్క వాక్యంతో ముగించారు. గమ్యం ఒకటేనని ఆయన భావించి ఉంటే ఇలా రాసేవారు కారు.

ఆయన ప్రధాన ఆక్షేపణ జ్ఞాపకశక్తిని ఆధారం చేసుకున్నది. నిన్న చూసినవాడే నేడు గుర్తుచేసుకుంటున్నాడు. చూసినవాడు, తలచుకునేవాడు ఒకరే కాకపోతే "నేను దీన్ని చూశాను" అనే మాటే పుట్టదు. క్షణక్షణానికీ నశించే విజ్ఞానధారలో ఆ ఏకత్వం ఎక్కడి నుంచి వస్తుందని ఆయన అడిగారు. వేకువజాము గారి ప్రశ్నకు బీజం ఇక్కడే ఉంది. బంధంలో ఉన్నవాడూ ముక్తి పొందినవాడూ ఒకరే కానప్పుడు, ముక్తి అనే మాటకు అర్థమేమిటి? బౌద్ధం చివరికి చేరేది ఉచ్ఛేదానికే, అంటే ఏమీ మిగలని నాశనానికే అని నా ఉద్దేశం.

దమ్మనది
ఆ చివరి వాక్యాన్ని నేను అంగీకరించలేను. నిర్వాణం అంటే సర్వనాశనం అనే అభిప్రాయం బుద్ధుడి కాలంలోనే ఒక భిక్షువుకు కలిగింది, దాన్ని సంఘంలోనే సరిదిద్దారు. బుద్ధుడి ఉపదేశాల పాలీ సంకలనాలలో ఒకటైన సంయుత్త నికాయంలోని యమక సుత్తం ఆ కథే. అర్హంతుడు, అంటే విముక్తి పొందినవాడు, మరణించిన తరువాత నశించిపోతాడని, ఏమీ మిగలదని యమకుడు చెప్పుకుంటూ తిరిగాడు. తోటి భిక్షువులు చెప్పినా వినలేదు. అప్పుడు బుద్ధుడి ముఖ్యశిష్యుడు సారిపుత్తుడు వచ్చి, తథాగతుడు (విముక్తుడైన బుద్ధుడు) రూపమా, వేదనా, విజ్ఞానమా, వీటన్నిటి మొత్తమా, వీటికి వేరైనవాడా అని ఒక్కొక్కటిగా అడిగాడు. అన్నిటికీ కాదనే యమకుడు జవాబిచ్చాడు. "బ్రతికి ఉండగానే, కళ్ళెదుటే తథాగతుడు ఇతడని పట్టి చూపలేనివాడివి, మరణానంతరం అతడు నశిస్తాడని ఎలా చెప్పగలవు?" అన్నది సారిపుత్తుడి ప్రశ్న. ఏది అనిత్యమో అది దుఃఖం, ఆ దుఃఖమే నిరోధం పొందిందని మాత్రమే చెప్పదగినదని యమకుడు అప్పుడు గ్రహించాడు. ఉచ్ఛేదవాదం బౌద్ధులకు కూడా తప్పుడు దృష్టే.

వేకువజాము
దమ్మనది గారూ, అంటే నశించదు అనవచ్చా?

దమ్మనది
అలా కూడా అనరు. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు ఇదే అడిగాడు. విముక్తుడు మళ్ళీ పుడతాడా, పుట్టడా, పుట్టీ పుట్టడా, రెండూ కాదా అని నాలుగు విధాలుగా అడిగితే, ఏదీ వర్తించదని బుద్ధుడు అన్నాడు. కట్టెలు అయిపోయి ఎదురుగా ఉన్న మంట ఆరిపోతే అది తూర్పుకు పోయిందా, పడమరకు పోయిందా అని అడగగలవా అని ఉపమానం చెప్పి, విముక్తుడు మహాసముద్రంలా గంభీరుడు, కొలతకు అందనివాడు అని ముగించాడు. ఇది మజ్ఝిమ నికాయం 72వ సుత్తం. ఆరిన మంట లేకుండా పోయిందని అక్కడ అనలేదన్నది గమనించండి. దిక్కు అడగడమే పొసగదన్నాడు.

సారస్వతం
కొలతకు అందనివాడు, మహాసముద్రంలాంటివాడు అన్న తరువాత ఇక ఉపనిషత్తుకు ఎంత దూరం ఉన్నట్లు?

ఇసుకతిన్నె
నేను కళాశాలలో సంస్కృతం బోధిస్తాను. సారస్వతం గారి తుది నిర్ణయంతో ఏకీభవించను గానీ ఆయన చూపుతున్న సామీప్యం మాత్రం నిజమే. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళుతూ భార్య మైత్రేయికి చెప్పిన మాటలు చూడండి. నీటిలో వేసిన ఉప్పుగడ్డ కరిగిపోయిన తరువాత దాన్ని తిరిగి తీయలేము, ఏ వైపు నుంచి తీసుకున్నా ఉప్పదనమే ఉంటుంది, అలాగే ఈ అనంత విజ్ఞానఘనం ఈ భూతాల నుంచి లేచి వాటితోనే లయమవుతుంది అని చెప్పి, "న ప్రేత్య సంజ్ఞాస్తి" అన్నాడు. పోయిన తరువాత ఎరుక ఉండదని ఆ మాట. మైత్రేయి వెంటనే "మీరు నన్ను ఇక్కడ మోహంలో పడవేశారు" అంది. వేకువజాము గారి తల్లిగారికి కలిగిన సందేహమే ఆ ఇల్లాలికీ కలిగింది.

యాజ్ఞవల్క్యుడి సమాధానం ఇది: రెండవది ఉన్నట్లు తోచేచోట ఒకరు మరొకరిని చూస్తారు, వింటారు, తెలుసుకుంటారు. సర్వమూ ఆత్మే అయినచోట దేనితో దేన్ని చూడాలి? తెలుసుకునేవాడిని దేనితో తెలుసుకోవాలి? ఇంతవరకు బుద్ధుడి మౌనానికి ఇది చాలా చేరువ. కానీ అదే సంభాషణ నాలుగవ అధ్యాయంలో మళ్ళీ వచ్చినప్పుడు యాజ్ఞవల్క్యుడు, ఈ ఆత్మ అవినాశి, ఉచ్ఛేదం లేనిది అని స్పష్టంగా అంటాడు. ఆ ఒక్క వాక్యం బుద్ధుడి నోట రాదు. రెండు సంప్రదాయాలూ అక్కడిదాకా కలిసి నడిచి అక్కడ విడిపోతాయి.

ఛాందోగ్యంలో ఇంద్రుడి కథ కూడా దీనితో కలిపి చదవవలసిందే. గాఢనిద్రలో ఉన్నదే ఆత్మ అని ప్రజాపతి చెబితే సమిత్తులు పట్టుకుని ఇంద్రుడు వెనక్కి వచ్చాడు. "ఆ స్థితిలో తాను ఫలానా అని కూడా తెలియదు, నాశనమైపోయినట్లే ఉంది, ఇందులో నాకు భోగ్యమేమీ కనబడటం లేదు" అన్నాడు. మొత్తం 101 సంవత్సరాలు బ్రహ్మచర్యం చేసిన తరువాతే అతడి సందేహం తీరింది. కాబట్టి వేకువజాము గారూ, మీ ప్రశ్న చిన్నది కాదు, తొందరపడకండి.

తిరువీథి
ఇంతసేపూ అద్వైతమూ బౌద్ధమూ మాత్రమే మాట్లాడుకుంటున్నారు. హిందూ ధర్మంలో మోక్షం అనగానే జీవుడు కరిగిపోవడం అనే అర్థం ఎవరు నిర్ణయించారు? రామానుజులు బ్రహ్మసూత్రాలకు తాము రాసిన శ్రీభాష్యంలో మొదటి సూత్రం దగ్గరే ఈ విషయం ఎత్తుకున్నారు. మోక్షంలో "నేను" అనే అర్థమే నశించేటట్లయితే, దుఃఖం పోగొట్టుకుని సుఖపడాలని కోరే మనిషి మోక్షకథ వాసన తగలగానే ఆ చోటు వదిలి పారిపోతాడని రాశారు. నేను పోయి మరేదో ఒక జ్ఞానం వెలుగుతూ ఉంటుందంటే, దానికోసం ఎవరు ప్రయత్నిస్తారని ఆయన ప్రశ్న. విశిష్టాద్వైతంలో ముక్తుడు కరిగిపోడు. కర్మవశాన ముడుచుకుపోయిన అతడి జ్ఞానం పూర్తిగా విప్పారుతుంది. పరమపదంలో భగవంతుణ్ణి అనుభవిస్తూ, కైంకర్యం చేస్తూ ఉంటాడు.

మీ అమ్మగారికి మా సంప్రదాయం ఇచ్చే సమాధానం సూటిగా ఉంటుంది. ముక్తుడి జ్ఞానానికి ఏ అడ్డూ ఉండదు కనుక అతడికి ఎరుక లేకపోవడం అనే ప్రసక్తే రాదు. ఆ ఎరుకలో పాత మమకారపు బాధ మాత్రం ఉండదు. మా నాయనమ్మ వైకుంఠ ఏకాదశి నాడు ఉత్తర ద్వారం దాటేటప్పుడు పోయినవారి పేర్లు ఒక్కొక్కటీ పెదవుల మీద తలచుకునేది. ఆమె భ్రమలో ఉందని ఏ శాస్త్రంతోనైనా నాకు చెప్పడం సాధ్యమని నేను అనుకోను.

వేకువజాము
తిరువీథి గారూ, మీరు రాసిన రెండవ పేరా అమ్మకు చదివి వినిపించాను. ఆమె అక్కడితో ఆగమంది. నా ప్రశ్న మాత్రం నాకు ఇంకా మిగిలే ఉంది, కొనసాగించండి.

సమతాపథం
మీ చర్చలో ఒక లోటు కనబడుతోంది. చచ్చిన తరువాత ఏముంటుందన్న దగ్గరే అందరూ తిరుగుతున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించినప్పుడు లక్షల మంది ఆయన వెంట నడిచింది మరణానంతర స్థితి కోసం కాదు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధ ధమ్మ గ్రంథంలో, రాగద్వేషాలను ధర్మమార్గంలో నడవగలిగినంతగా అదుపులో పెట్టుకోవడమే నిర్వాణమని, అది బ్రతికి ఉండగా లభించవలసిన సుఖమని ఆయన వివరించారు. శాశ్వతమైన ఆత్మ ఉందని, అది పూర్వకర్మను మోసుకుంటూ ఈ కులంలో పుట్టిందని చెప్పే సిద్ధాంతం మా తాతలను ఊరి చివర నిలబెట్టింది. అనాత్మ మాకు తర్కం కోసం దొరికిన విషయం కాదు.

కొండవీటిచదువరి
సమతాపథం గారి వేదన సత్యమే. అయితే జన్మాంతర కర్మను పాలీ సుత్తాలు కూడా అంగీకరించాయి కదా? ఆత్మను కాదన్నంత మాత్రాన కర్మసిద్ధాంతం పోదు.

సమతాపథం
అంగీకరించాయి. ఆ భాగాన్ని అంబేడ్కర్ ప్రశ్నించారు, తిరిగి వ్యాఖ్యానించారు. శంకరులకు ముందటి అద్వైతాచార్యుడు గౌడపాదుడు, శంకరులు, రామానుజులు ఉపనిషత్తులను తమ తమ విధంగా వ్యాఖ్యానించినప్పుడు లేని అభ్యంతరం ఆయన దగ్గర మాత్రమే ఎందుకు రావాలి? అత్తదీపులై, అంటే తమకు తామే దీపాలై బ్రతకమన్న బుద్ధుడి మాటను ఆయన ఆచరించారు.

కృష్ణఒడ్డు
మన నేల మీద జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. సాగర్ నుంచి లాంచీలో నాగార్జునకొండ దీవికి వెళ్ళినవారికి అక్కడి మ్యూజియం తెలుసు. జలాశయంలో మునిగిపోయిన లోయలో దొరికిన మహాచైత్యపు ఆయక స్తంభాల (స్తూపానికి నాలుగు దిక్కులా నిలిపే స్తంభాలు) మీద ప్రాకృత శాసనాలున్నాయి. వాటిలో పలు శాసనాలను చెక్కించినది ఇక్ష్వాకు వంశపు ఆడపడుచు శాంతిశ్రీ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి ఆమె మేనత్త, ఆ శాసనాలు అతడి ఆరవ పాలనా సంవత్సరానివి. ఆమె తోడబుట్టిన శాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడని ఆ శాసనాలే చెబుతాయి. సోదరుడు వైదిక యజ్ఞాలు చేశాడు, సోదరి బుద్ధుడి చైత్యానికి స్తంభం నిలిపింది. అది రెండు లోకాలలోనూ హితసుఖాలు కలగడానికి, తనకు నిర్వాణసంపద సిద్ధించడానికి అని చెక్కించింది.

తనకు అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆత్మ లేదనే ధర్మాన్ని పోషిస్తూనే, నిర్వాణం తనకే కావాలని ఆ రాజకుమార్తె రాతి మీద రాయించుకుంది. అనాత్మ తెలియక అలా రాయించిందని నేను అనుకోను. దానం చేసేవారికి, మొక్కుకునేవారికి ఆ "తన" లేకుండా మొదటి అడుగే పడదు.

దమ్మనది
కృష్ణఒడ్డు గారూ, ఆ పరిశీలన చాలా బాగుంది. దానికి జవాబా అన్నట్లు ఆచార్య నాగార్జునుడి మూలమధ్యమకకారిక పదహారవ ప్రకరణంలో ఒక శ్లోకం ఉంది. "నిర్వాస్యామ్యనుపాదానో నిర్వాణం మే భవిష్యతి, ఇతి యేషాం గ్రహస్తేషాముపాదానమహాగ్రహః." పట్టు వదిలేసి నేను నిర్వాణం పొందుతాను, నిర్వాణం నాదవుతుంది అనుకునేవారిది, వదలవలసిన పట్టులన్నిటిలోనూ పెద్ద పట్టు అని దాని భావం. వేకువజాము గారు అడిగిన "ఫలం అనుభవించేది ఎవరు" అన్నదానికి నాగార్జునుడి మార్గానుయాయులైన మాధ్యమికుల సమాధానం ఇదే. ఆ "ఎవరు" అన్నది మిగిలి ఉన్నంతవరకు పని పూర్తికాలేదు.

ఇసుకతిన్నె
ఆ శ్లోకం పక్కన శంకరుల వాక్యం ఒకటి పెట్టాలి. బ్రహ్మసూత్ర భాష్యం నాలుగవ అధ్యాయం మొదటి పాదం మూడవ సూత్రంలో పూర్వపక్షి, అంటే ఎదుటి పక్షం వాది, "ఈ అజ్ఞానం ఎవరిది?" అని అడుగుతాడు. "అడుగుతున్న నీదే" అని శంకరులు అంటారు. నేను ఈశ్వరుడనే అని శ్రుతి చెబుతోంది కదా అని అతడు మళ్ళీ అంటే, అలా తెలుసుకున్నవాడివైతే ఎవరికీ అజ్ఞానం లేదు అని ముగిస్తారు.

నాకు ఈ రెండు సమాధానాల మధ్యనే అసలు భేదం కనబడుతోంది. "ఎవరికి?" అనే ప్రశ్నను ఇద్దరూ అడిగినవాడి మీదికే తిప్పారు. నాగార్జునుడు ఆ అడిగేవాణ్ణి పట్టుకుని ఉండటమే బంధమని చూపాడు. శంకరులు ఆ అడిగేవాడు తాననుకుంటున్నంత చిన్నవాడు కాడని చూపారు. ఒకరు ప్రశ్నకు ఆధారాన్నే తీసేస్తే, మరొకరు ఆ ఆధారాన్ని బ్రహ్మమని గుర్తింపజేశారు. గమ్యం ఒకటే అనేవారూ, పూర్తిగా వేరు అనేవారూ ఈ మలుపు దగ్గర ఆగి చూడకుండా వెళ్ళిపోతున్నారు.

సారస్వతం
మరి గౌడపాదుల మాటేమిటి? "న నిరోధో న చోత్పత్తిః, న బద్ధో న చ సాధకః, న ముముక్షుర్న వై ముక్తః" అన్నారు. పుట్టుకా లేదు, నాశమూ లేదు, బద్ధుడూ లేడు, సాధకుడూ లేడు, ముక్తి కోరేవాడూ లేడు, పొందినవాడూ లేడు. సంసారానికి నిర్వాణంతో ఏ కొంచెమూ భేదం లేదన్న నాగార్జునుడికి ఇది ఎంత దూరం?

కొండవీటిచదువరి
దగ్గరే. గౌడపాదుల మాండూక్య కారికల నాలుగవ ప్రకరణమైన అలాతశాంతిలో బౌద్ధ పరిభాష ఎంతగా ఉందో సంస్కృతం వచ్చినవారందరికీ తెలుసు. ఆ ప్రకరణం చివర గౌడపాదులే "నైతద్ బుద్ధేన భాషితమ్" అన్నారు. దీన్ని బుద్ధుడు చెప్పలేదని ఆ మాట. దాని తాత్పర్యం మీద నేటికీ వివాదముంది. అద్వైతులను ప్రచ్ఛన్న బౌద్ధులని ఇతర వేదాంతులు నిందించడానికి కారణం ఈ సామీప్యమే. అయినా గౌడపాదులు మాండూక్యంలోని పన్నెండు మంత్రాలను ఆశ్రయించి, మెలకువ, కల, గాఢనిద్రలకు ఆవలిదైన తురీయమనే నిత్యవస్తువును నిలబెట్టి, ఆ తరువాతనే బద్ధుడు లేడన్నారు. నాగార్జునుడు అలాంటి వస్తువును నిలబెట్టలేదు. నిర్వాణానికి కూడా స్వభావం ఉందని ఒప్పుకోలేదు.

తిరువీథి
సంసారానికీ నిర్వాణానికీ భేదం లేకపోతే ఇక ఎవరైనా కూర్చుని సాధన ఎందుకు చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు.

నిదానంగా
ఒకసారి విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళినదాన్ని కనుక ఈ ఒక్క విషయం రాస్తాను. నాకు శాస్త్రం తెలియదు. కదలకుండా కూర్చునే గంటలో ఎడమ మోకాలిలో నొప్పి మొదలై, నా కాలు, నా నొప్పి, ఇక నావల్ల కాదు అని లోపల ఒకటే గోల. కొంతసేపటికి నొప్పి అలాగే ఉంది గానీ అది మంటగా, కొట్టుకోవడంగా, సూదులుగా విడిపోయి కనబడింది, "నా" అన్నది కాసేపు పక్కకు తప్పుకుంది. భయం కూడా దానితోపాటే పోయింది. గంట మోగగానే మళ్ళీ అంతా నాదే అయింది. నాకు కలిగింది నిర్వాణమని చెప్పడం లేదు. తిరువీథి గారు అడిగినదానికి మాత్రం ఇది నా జవాబు. భేదం లేదని వినడం వేరు, మోకాలి దగ్గర అది తెలియడం వేరు, కూర్చునేది ఆ రెండవదాని కోసం.

ఇసుకతిన్నె
నిదానంగా గారు భయం గురించి అన్న మాట లంకావతార సూత్రాన్ని గుర్తుచేస్తోంది. తథాగతగర్భం, అంటే బుద్ధత్వపు బీజం, ప్రతి ప్రాణిలోనూ ఉందని మహాయాన సూత్రాలు చెప్పినప్పుడు, ఇది తీర్థికులు (బౌద్ధేతరులు) చెప్పే ఆత్మకంటే ఎలా వేరని అందులో మహామతి అనే బోధిసత్త్వుడు బుద్ధుణ్ణి అడుగుతాడు. నైరాత్మ్యం, అంటే ఆత్మ లేదు అనగానే అమాయకులకు కలిగే భయాన్ని పోగొట్టడానికి అలా బోధించారు తప్ప అది ఆత్మ కాదని సమాధానం వస్తుంది. మైత్రేయి, ఇంద్రుడు, వచ్ఛగోత్తుడు, రామానుజులు వర్ణించిన పారిపోయే మనిషి, ఇప్పుడు మహామతి. ఇందరి దగ్గరా ఉన్నది ఒకే భయం. ఆ భయాన్ని ఎవరు ఎలా ఎదుర్కొన్నారన్నది చూస్తే ఏ సంప్రదాయం ఏమిటో తెలుస్తుంది.

దమ్మనది
సాధన ఎందుకన్న ప్రశ్నకు ఇరుపక్షాలూ దాదాపు ఒకే మాట చెప్పాయి. మిళింద రాజు ప్రశ్నల పాలీ గ్రంథం మిళిందపన్హలో భిక్షువు నాగసేనుడు, నిర్వాణాన్ని సాక్షాత్కరించుకునే మార్గానికి హేతువు చూపవచ్చు గానీ నిర్వాణం పుట్టడానికి హేతువు చూపలేమని, మనిషి హిమాలయానికి నడిచి వెళ్ళగలడు గానీ హిమాలయాన్ని ఇక్కడికి తీసుకురాలేడని అన్నాడు. శంకరులు కూడా మోక్షం తయారయ్యేదీ కాదు, మార్పు చెంది వచ్చేదీ కాదు, కొత్తగా పొందేదీ కాదు, శుద్ధి చేసి సంపాదించేదీ కాదన్నారు. సాధన అడ్డు తొలగించడానికే.

వేకువజాము
చాలా స్పష్టత వచ్చింది. అయితే నిత్యవస్తువు ఉన్నదా లేదా అన్న దగ్గర మీరెవరూ రాజీపడలేదు, పడనక్కరలేదని కూడా ఇప్పుడు అనిపిస్తోంది. వక్త గారి మాట నాకు ఎందుకు నచ్చలేదో మాత్రం తెలిసింది. ఒకటే అనడం వల్ల ఈ మనుషులు అంత నిష్ఠతో అడిగిన ప్రశ్నలన్నీ మూతపడిపోతాయి. ఏది ముందు చదవమంటారు?

ఇసుకతిన్నె
బృహదారణ్యకం రెండవ, నాలుగవ అధ్యాయాలలోని మైత్రేయీ బ్రాహ్మణాలు రెండూ, వాటి పక్కన వచ్ఛగోత్తుడి సుత్తమూ యమక సుత్తమూ చదవండి. కారికలు, భాష్యాలు తరువాత.

సమతాపథం
అంబేడ్కర్ గ్రంథం ఆ జాబితాలో మొదటి వరుసలోనే ఉండాలి. మూలాలు చదివినవారు దాన్ని వదిలేయడం నేను తరచుగా చూస్తున్నాను.

తిరువీథి
శ్రీభాష్యంలో మొదటి సూత్రం కింద అహమర్థాన్ని గురించిన భాగం కూడా కలపండి. "నేను" పోవాలన్నది ఇద్దరూ ముందే ఒప్పేసుకున్న తరువాత మొదలైన వాదం మీరు పైన చూసింది. అది అసలు పోవాలా అని అడిగినవారిని చదవకపోతే మూడవ పక్షం వినకుండానే తీర్పు చెప్పినట్లవుతుంది.